ముంగిట గడ్డికీ సిఫార్సు కావాలి: పెగడపల్లి వనాలలో బెట్టను తట్టుకునే అలంకార గడ్డి

జగిత్యాల జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. అనంతపురం రైతు చూసే వానకు ఇది దాదాపు రెట్టింపు. శ్రీరాంసాగర్ కాలువ నీరు, బోరుబావులు తోడై ఈ ప్రాంతం వరికి, మొక్కజొన్నకు, పసుపుకు, మామిడికి పేరు పొందినది. ఇటువంటి చోట, పెగడపల్లి వంటి గ్రామంలో, బెట్టను తట్టుకునే అలంకార గడ్డిని గురించి చర్చించడం అనవసరమని తొలిచూపునకు తోచవచ్చును. అయితే ఆ వానలో అత్యధిక భాగం నైరుతి రుతుపవనాలు సాగే నాలుగు నెలలలోనే కురుస్తుంది. దసరా దాటినది మొదలు తిరిగి ఏరువాక వచ్చే వరకు నేల తనలో దాచుకున్న తేమతోనే గడపవలసి ఉంటుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకే రోజులు ఇక్కడ అరుదు కావు. పొలానికి కాలువ నీరు అందినా ఊరి ఉద్యానవనానికి కాలువ రాదు. దానికి ట్యాంకరు రావలసిందే.

ఈ ఉద్యానవనాలు ఇప్పుడు ఒకటి రెండు కావు. 2015 జూలైలో ప్రారంభమైన హరితహారం, 2018 పంచాయతీరాజ్ చట్టం, ఆ వెనుక వచ్చిన పల్లె ప్రగతి కార్యక్రమం కలిసి తెలంగాణలో ప్రతి గ్రామ పంచాయతీకి ఒక నర్సరీని, పల్లె ప్రకృతి వనాన్ని సమకూర్చినవి. పంచాయతీ బడ్జెట్టులో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కలలో 85 శాతం బతికి ఉండాలని ఆ చట్టం నిర్దేశించినది. ఏ చెట్లు నాటాలన్న దానిపై కొంత చర్చ జరిగినది. చెట్ల మధ్య నేలను, నడకదారుల అంచులను, బడి ముంగిటిని, రైతు వేదిక ప్రాంగణాన్ని ఏ గడ్డితో నింపాలన్న దానిపై జరగవలసినంత చర్చ జరగలేదు. నర్సరీ బండిలో వచ్చినదే నాటబడుతున్నది.

వరి వంగడాన్ని విడుదల చేయడానికి ముందు బహుళ ప్రాంతాలలో, అనేక సీజన్లలో పరీక్షించే విశ్వవిద్యాలయ వ్యవస్థ, పన్నెండు వేలకు పైగా పంచాయతీలలో శాశ్వతంగా వేరూనుకోబోయే గడ్డిని గురించి మౌనం వహించడం తగదు. అలంకార గడ్డి కూడా సిఫార్సుకు అర్హమైన మొక్కయే. ఉత్తర తెలంగాణ పరిస్థితులలో ఆ సిఫార్సులో తొలి స్థానం వట్టివేరుకు, మలి స్థానం అంజన్ గడ్డికి దక్కాలి. నగరాల నర్సరీలలో ఆకర్షణీయంగా కనిపించే విదేశీ ఫౌంటెన్ గ్రాస్‌ను పంచాయతీ నర్సరీలలోనికి రానీయకూడదు. ఈ మూడు మాటలకు ఆధారాలను పరిశీలించడం అవసరం.

పచ్చిక తాగే నీరు

ముందుగా ప్రస్తుతం అనుసరిస్తున్న పద్ధతిని చూడాలి. అందమైన ఆవరణ అనగానే నున్నగా కత్తిరించిన తివాచీ పచ్చిక గుర్తుకు వస్తుంది. వేసవిలో ఇటువంటి పచ్చిక నుండి బాష్పోత్సేకం ద్వారా రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు పోతుందనుకోవడం ఉదారమైన అంచనా ఏమీ కాదు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 500 లీటర్లు, నెలకు 15,000 లీటర్లు కావాలి. పారించేటప్పుడు వృథా అయ్యే నీరు ఇందులో చేరలేదు.

మిషన్ భగీరథ పథకం గ్రామీణ ప్రాంతంలో మనిషికి రోజుకు 100 లీటర్ల తాగునీటిని లక్ష్యంగా పెట్టుకున్నది. అంటే, ఒక చిన్న ఇంటి స్థలమంత పచ్చిక, ఐదుగురున్న కుటుంబం వాటా నీటిని తాగుతున్నది. ఏప్రిల్ నెలలో బోరు వట్టిపోయి ట్యాంకరు కోసం ఎదురుచూసే గ్రామంలో సర్పంచి ముందు నిలిచే ప్రశ్న ఇదే. ఆ ప్రశ్నకు పచ్చిక వద్ద సమాధానం లేదు. అందుకే ఎండాకాలం వచ్చేసరికి పచ్చిక మొదటగా ఎండిపోతుంది. జూన్ వానలకు ఆ ఖాళీలో వయ్యారిభామ మొలుస్తుంది. అలంకారం కోసం పెట్టిన ఖర్చు కలుపు మొక్కకు చోటు సిద్ధం చేసినట్లవుతున్నది.

బతకడం వేరు, కళగా ఉండడం వేరు

అయితే బెట్టను తట్టుకునే గడ్డిని నాటితే సరిపోతుందా? ఇక్కడ మాటను జాగ్రత్తగా వాడవలసి ఉన్నది. నర్సరీ చీటీపై ఉండే 'బెట్టను తట్టుకొనును' అన్న మాట అసంపూర్ణం. ఏ నేలలో, ఏ వయసులో, ఎన్ని రోజుల పాటు, ఏ రూపంలో తట్టుకుంటుందో అది చెప్పదు.

మొక్కలు బెట్టను ఎదుర్కొనే తీరు మూడు విధాలని విద్యార్థులు తొలి సంవత్సరాలలోనే చదువుకుంటారు. మూడింటికీ ఉదాహరణలు పెగడపల్లి చుట్టుపక్కల నేలలోనే దొరుకుతాయి. మొదటిది, బెట్ట నుండి తప్పించుకోవడం. వానకు మొలిచి, బతుకమ్మ నాటికి తెల్లని, గులాబీ వన్నె కంకులు వేసి, తేమ ఆరిపోయే లోపల విత్తనం రాల్చి వెళ్ళిపోయే గునుగు ఇందుకు ఉదాహరణ. రెండవది, వేరును లోతుకు పంపి లోపలి తేమను అందుకొని బెట్టను దరిచేరనీయకపోవడం. వట్టివేరు చేసే పని ఇది. మూడవది, ఎండను సహించి నిద్రాణస్థితికి చేరి, వాన పడగానే తిరిగి చిగురించడం. గట్టు మీది గరిక, బీళ్ళలోని అంజన్ గడ్డి ప్రధానంగా ఈ దారి పడతాయి.

మూడు దారులలోనూ మొక్క జాతిగా బతుకుతున్నది. కాని ఏప్రిల్ నెలలో చూసే కంటికి మూడూ ఒకే విధంగా ఉండవు. గునుగు అప్పటికి నేల మీద ఉండదు. గరిక, అంజన్ గడ్డి ఎండుగడ్డి రంగులో ఉంటాయి. వేళ్ళు లోతుకు దిగిన వట్టివేరు మాత్రమే చాలా వరకు పచ్చదనాన్ని నిలుపుకుంటుంది. కనుక అలంకార గడ్డి విషయంలో సహనశక్తిని రెండు కొలమానాలతో చూడాలి. బతికినదా అన్నది ఒకటి, చూడదగినట్లున్నదా అన్నది మరొకటి. పంట మొక్కలో దిగుబడి ఎటువంటిదో అలంకార మొక్కలో కళ అటువంటిది. బెట్టలో బతికి గింజ ఇవ్వని వంగడాన్ని రైతుకు సిఫార్సు చేయరు. ఆరు నెలలు ఎండిపోయి కనిపించే గడ్డిని, ఆ సంగతి చెప్పకుండా గ్రామానికి సిఫార్సు చేయడం కూడా సరికాదు.

ఇక్కడే మరొక మాట కూడా చెప్పుకోవాలి. ఎండిన గడ్డి రంగు అందవికారమన్న భావన ఈ నేలది కాదు, పచ్చిక బయళ్ళతో పాటు బయటి నుండి వచ్చినది. తంగేడు, గునుగు వంటి బీడు పూలతో తన పెద్ద పండుగను పేర్చుకున్న ప్రాంతం ఇది. గునుగు నిజానికి గడ్డి జాతిది కాదు. తోటకూర కుటుంబానికి చెందినది. అయినా గాలికి ఊగే దాని కంకులను చూసినవారికి అలంకార గడ్డి అంటే ఏమిటో వేరుగా వివరించనక్కరలేదు. కలుపు మందుల వాడకం పెరిగిన చేలలో అదే గునుగు కోసం ఇప్పుడు బతుకమ్మ ముందు దూరం వెళ్ళి వెదకవలసి వస్తున్నది. వనంలో ఒక మూలను వాన నుండి బతుకమ్మ వరకు గునుగుకు, తంగేడుకు వదలివేస్తే దానికి ఏ నీరూ పెట్టనవసరం లేదు.

అందం కోసం వచ్చినవి

బెట్టను తట్టుకోవడం, వేగంగా పెరగడం, పశువులు ముట్టకపోవడం, సంరక్షణ అక్కరలేకపోవడం. అలంకార మొక్కల ప్రకటనలలో కనిపించే ఈ నాలుగు గుణాలు ఒకే మొక్కలో కలిసినప్పుడు సంతోషించడానికి ముందు ఒక్క క్షణం ఆగాలి. మొండి కలుపు మొక్కల లక్షణాల జాబితా కూడా సరిగ్గా ఇదే.

భారతదేశానికి ఈ అనుభవం కొత్త కాదు. లంటానా 19వ శతాబ్ది ఆరంభంలో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి అలంకార మొక్కగా వచ్చినది. నేడు దేశంలోని అడవులలో విస్తారంగా అల్లుకున్నది. ఊదారంగు పూల కోసం తెచ్చుకున్న గుర్రపుడెక్క చెరువులను కప్పివేసినది. తెలంగాణలో కోనోకార్పస్ కథ ఇంకా పాతబడలేదు. ఎండకు తట్టుకుంటుందని, త్వరగా పచ్చబడుతుందని దానిని రహదారుల వెంట, వీధుల వెంట విరివిగా నాటారు. పుప్పొడి వల్ల శ్వాస సంబంధమైన ఇబ్బందులు, వేళ్ళ వల్ల పైపులకు, కాలువలకు నష్టం కలుగుతున్నవన్న ఆక్షేపణలు వచ్చిన తరువాత ఇకపై నాటవద్దని ఆదేశించవలసి వచ్చినది. నాటేటప్పుడు అడగని ప్రశ్నలను పెరికివేసేటప్పుడు అడిగినట్లయినది.

ఫౌంటెన్ గ్రాస్ విషయంలో ఆ ప్రశ్నలకు జవాబులు ప్రపంచంలో ఇప్పటికే ఉన్నాయి. పెన్నిసెటమ్ సెటేషియమ్ అన్న ఈ గడ్డి ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా మెట్ట ప్రాంతాలకు చెందినది. ఫౌంటెన్ నీటిధారల వలె నలువైపులా వంగే ఆకులు, మెత్తని కుచ్చుల వంటి కంకులు దీని ఆకర్షణ. పరాగసంపర్కం జరగకుండానే ఇది విత్తనం కడుతుంది. కనుక ఒక్క దుబ్బు చాలు, కొత్త సంతతి మొదలవుతుంది. ఆ విత్తనం గాలితో, నీటితో, వాహనాలతో, పశువుల ఒంటికి అంటుకొని ప్రయాణిస్తుంది. 20వ శతాబ్ది ఆరంభంలో హవాయి దీవులకు అలంకారం కోసం వెళ్ళిన ఈ గడ్డి అక్కడి పొడి అడవులలో వ్యాపించి, ఎండినప్పుడు మంటలకు ఇంధనమైనది. మంట తరువాత అడవి చెట్లు కోలుకోలేదు. గడ్డి మాత్రం తిరిగి చిగురించినది. కానరీ దీవులలోనూ, దక్షిణాఫ్రికాలోనూ ఇది సమస్యాత్మకమే. ఐరోపా సమాజం 2017లో దీనిని ఆందోళనకరమైన దురాక్రమణ జాతుల జాబితాలో చేర్చి, అమ్మకాన్ని, పెంపకాన్ని నిషేధించినది.

న్యాయంగా చెప్పుకోవలసిన మాట మరొకటి ఉన్నది. మన నర్సరీలలో ఎక్కువగా కనిపించే ఎర్రని ఆకుల రకం మొలకెత్తే విత్తనం ఇవ్వడం అరుదు. కాని కొనుగోలుదారుకు ఎర్ర రకానికి, పచ్చ రకానికి మధ్య ఉన్న ఈ తేడా చెప్పేవారు లేరు. రెంటినీ ఒకే పేరుతో పిలవడం పరిపాటి. ఒక ఇంటి కుండీలో ఉన్నంత వరకు దీనిని ప్రమాదం అనలేము. పంచాయతీ నర్సరీలో చేరి ఒకేసారి వందల గ్రామాలకు వెళ్ళిన నాడు పొరపాటును వెనుకకు తీసుకోవడం సాధ్యం కాదు. కొండగట్టు వంటి పొడి గుట్టలు, వేసవిలో ఎండి నిలిచే బీళ్ళు ఉన్న ప్రాంతంలో హవాయి అనుభవాన్ని పరాయి దేశపు ముచ్చటగా తీసివేయకూడదు.

ఇది విదేశీ మొక్క, స్వదేశీ మొక్క అన్న వాదం కాదు. మన దేశంలో మేలైన పశుగ్రాసంగా మన్నన పొందిన అంజన్ గడ్డి, అమెరికాలోని అరిజోనా ఎడారికి వెళ్ళి అక్కడి బ్రహ్మజెముడు వనాలకు మంటల బెడద తెచ్చిపెట్టినది. ఆస్ట్రేలియాలోనూ అదే ఫిర్యాదు ఉన్నది. గడ్డి మంచిదా చెడ్డదా అన్నది ఆ గడ్డిని మాత్రమే చూసి తేల్చేది కాదు, అది చేరిన చోటును బట్టి తేలుతుంది. కనుకనే స్థానిక పరీక్షకు ప్రత్యామ్నాయం లేదు.

వట్టివేరుకు తొలి స్థానం ఎందుకు

ఇంత చెప్పిన తరువాత వట్టివేరును ముందుకు తేవడానికి కారణాలు చూపవలసి ఉన్నది. క్రైసోపోగాన్ జిజానియోయిడిస్ అన్న ఈ గడ్డి భారత ఉపఖండానిదే. వేసవిలో తలుపులకు కట్టే తడికలుగా, కుండ నీటికి పరిమళంగా, అత్తరుగా తెలుగు ఇంటికి ఎప్పటి నుండో పరిచయం ఉన్నది. తోట మొక్కగా మాత్రం తక్కువ పరిచయం.

మొదటి కారణం వేరు. దీని వేళ్ళు అడ్డంగా పాకవు, నిటారుగా కిందికి దిగుతాయి. అనుకూలమైన నేలలో రెండు మూడు మీటర్ల లోతుకు చేరతాయి. పక్కనున్న మొక్కతో పైపొర తేమ కోసం పోటీ తక్కువ. రెండవ కారణం నేల. పెగడపల్లి పరిసరాలలో చల్క నేలలూ, నల్లరేగడి నేలలూ రెండూ ఉన్నాయి. చల్క నేల తొందరగా ఆరిపోతుంది. రేగడి వానాకాలంలో నీరు నిలిచి మొక్కల వేళ్ళను కుళ్ళబెడుతుంది. మురుగునీరు పోయే నేలను కోరే ఫౌంటెన్ గ్రాస్ వంటివి రేగడిలో ఆగస్టు నెలలోనే దెబ్బతినవచ్చు. వట్టివేరు బెట్టనూ, నీటి ముంపునూ రెంటినీ తట్టుకుంటుంది. ఏడాదిలో ఒకసారి వరద, ఒకసారి ఎండ చూసే వాతావరణానికి ఈ రెండు గుణాలూ కలిసి అవసరం.

మూడవ కారణం, అది పెట్టిన చోటనే ఉండడం. దక్షిణ భారతంలో సాగులో ఉన్న రకాలు సాధారణంగా మొలకెత్తే విత్తనం ఇవ్వవు. పాకే దుంపలూ, తీగలూ లేవు. పిలకలు చీల్చి నాటితేనే వ్యాప్తి. మైసూరు సమీపంలోని గుండ్లుపేట ప్రాంతంలో రైతులు తరతరాలుగా దీనిని పొలాల సరిహద్దుగా నాటుకున్నారు. సరిహద్దు జరగకపోవడమే అక్కడ దాని గొప్పతనం. ఉత్తర భారతంలో విత్తనం కట్టే రకాలు కూడా ఉన్నందున పిలకలను ఎక్కడ నుండి తెస్తున్నారో విచారించుకోవడం తప్పనిసరి. ఈ పంటపై పరిశోధన చేసి వంగడాలను వెలువరించిన కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాదులోని బోడుప్పల్‌లో కేంద్రం ఉన్నది. మూల పదార్థానికి దూరం వెళ్ళవలసిన పని లేదు.

అందం సంగతి చివర చెప్పినా చిన్నది కాదు. మనిషి ఎత్తు వరకు లేచి కొసలు వంగే సన్నని ఆకుల దుబ్బు, వానల చివర ఊదారంగు ఛాయ గల కంకులు, గాలికి చేసే చప్పుడు. బడి గోడ వెంట వరుసగా నాటిన వట్టివేరు ఏ దిగుమతి గడ్డికీ తీసిపోదు.

మహేశ్వరం మిగిల్చిన ప్రశ్న

వట్టివేరును ఇంతగా మెచ్చుకునేవారు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. 1980వ దశకంలో ప్రపంచ బ్యాంకు సహాయంతో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మహేశ్వరంలో, కర్ణాటకలోని కబ్బాలనాలలో పరీవాహక ప్రాంత అభివృద్ధి ప్రాజెక్టులు జరిగినవి. నేల కోతను ఆపడానికి సమతల రేఖల వెంట వట్టివేరును నాటాలన్న ఆలోచనకు ఆ దశకంలోనే ఊపు వచ్చినది. 1993లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఈ గడ్డిపై ఒక ప్రత్యేక నివేదికను వెలువరించినది. థాయిలాండు, చైనా వంటి దేశాలు దానిని విస్తృతంగా చేపట్టినవి. మహేశ్వరం ఉన్న తెలంగాణలో మాత్రం వట్టివేరు గట్టు సాధారణ దృశ్యం కాలేదు.

ఇందులో గడ్డి వైఫల్యం కంటే విస్తరణ వైఫల్యమే ఎక్కువ. పొలం గట్టు మీది గడ్డి నుండి రైతు మేత కోరుకుంటాడు. వట్టివేరు ముదురు ఆకును పశువు ఇష్టపడదు. పిలకలు దగ్గరలో దొరకవు. నాటిన తొలి ఏడు మధ్యలో చచ్చిన చోట తిరిగి నాటకపోతే ఆ సందులోంచి నీరు కోసుకొని పోతుంది, కంచె ప్రయోజనమే పోతుంది. ఊరికి దూరంగా ఉన్న గట్టు మీద ఆ తొలి ఏడు కాపు కాసేవారు ఎవరు?

అలంకార గడ్డిగా వట్టివేరును తిరిగి పరిచయం చేయడంలోని ప్రయోజనం ఇక్కడ కనిపిస్తుంది. వనంలోని మొక్కను, ముంగిటి మొక్కను ప్రతిరోజూ ఎవరో ఒకరు చూస్తారు. ఎండితే తెలుస్తుంది, ఖాళీ పడితే తెలుస్తుంది. గట్టు మీద దొరకని తొలి ఏటి సంరక్షణ ముంగిట్లో దొరుకుతుంది. మూడవ ఏటికి ఒక్కొక్క దుబ్బు పదుల సంఖ్యలో పిలకలు ఇస్తుంది. ఊరి వనమే ఊరికి మాతృ నర్సరీ అవుతుంది. చెరువు కట్టకు, వాగు ఒడ్డుకు, పొలం గట్టుకు కావలసినవారు అక్కడి నుండి తీసుకుపోవచ్చును. అందం కోసం నాటిన గడ్డి నేల సంరక్షణకు దారి చూపే అవకాశం ఉన్నది.

అభ్యంతరాలు, పరిమితులు

వట్టివేరు సర్వరోగ నివారిణి కాదు. నీడను అది సహించదు. మామిడి చెట్ల కింద, దట్టంగా పెరిగిన వనం నడుమ నాటితే పలచబడి పోతుంది. ఎండ తగిలే అంచులకే అది తగినది. తొలి ఏడు నీరు లేకుండా బతుకుతుందనుకోవడం పెద్ద పొరపాటు. పిలకకు ఇంకా లోతైన వేరు ఉండదు. బెట్టను తట్టుకునే మొక్క కదా అని తొలి వేసవిలో వదిలేసినందువల్లనే ఇటువంటి మొక్కలు ఎక్కువగా చనిపోతాయి.

దుబ్బులలో పాములు చేరుతాయన్న భయం గ్రామాలలో గట్టిగా ఉన్నది. దానిని మూఢనమ్మకమని కొట్టివేయడం విస్తరణ శాస్త్రవేత్తకు తగదు. దట్టమైన ఏ పొదలోనైనా ఎలుకలు చేరవచ్చు, వాటి కోసం పాములు రావచ్చు. గుమ్మానికి, పిల్లలు ఆడే చోటికి దూరంగా నాటడం, మొదళ్ళ వద్ద ఎండు ఆకును ఎప్పటికప్పుడు తీసివేయడం ఇందుకు సమాధానం. నిప్పు ప్రమాదం వట్టివేరుకూ ఉన్నది. ఫిబ్రవరి నెలలో ఆకును నేల నుండి 30-40 సెంటీమీటర్ల ఎత్తులో కోసి, ఆ కోతను వేసవికి ముందే కంపోస్టు గుంతలో వేయాలి. ఒకే మూలం నుండి వచ్చిన పిలకలనే రాష్ట్రమంతటా నాటితే జన్యు వైవిధ్యం లోపిస్తుంది. ఒక తెగులు సోకితే అన్నిటికీ సోకుతుంది. కనుక రెండు మూడు మూలాల నుండి పదార్థాన్ని తీసుకోవడం మంచిది.

అంజన్ గడ్డికి రెండవ స్థానం ఇవ్వడంలోనూ ఆలోచన ఉన్నది. దాని కంకులు అందమైనవి, ఎత్తు తక్కువ, పశువులకు ప్రీతికరం. కాని విత్తనంతో వ్యాపిస్తుంది, వేసవిలో ఎండుతుంది. కంచె లేని వనంలో మేకల పాలవుతుంది. వనం ఒక అంచున మేత కోసమూ, చూపు కోసమూ కలిపి పెంచదలచిన చోట అది తగినది.

చేయవలసినది

వట్టివేరును నాటే విధానం కష్టమైనది కాదు. తొలకరి తరువాత నేల బాగా తడిసినప్పుడు ఆరోగ్యంగా ఉన్న దుబ్బును చీల్చి, ఆకును 15-20 సెంటీమీటర్లకు, వేళ్ళను కొద్దిగా కత్తిరించి, కుదురుకు రెండు మూడు పిలకల చొప్పున నాటాలి. విడివిడి దుబ్బులుగా కావాలంటే 75 సెంటీమీటర్ల నుండి మీటరు ఎడం, కంచెగా కావాలంటే 15 సెంటీమీటర్ల ఎడం సరిపోతుంది. వానాకాలపు విరామాలలోనూ, తొలి వేసవిలోనూ తడి ఇవ్వాలి. చనిపోయిన కుదుళ్ళను రెండు నెలలలోపు తిరిగి నాటాలి. దుబ్బు నడుమ ఖాళీ పడినప్పుడు తవ్వి, చీల్చి, తిరిగి నాటుకోవాలి.

కాని విధానం తెలిసినంత మాత్రాన సిఫార్సు పూర్తి కాదు. చల్క నేలలో ఎన్ని తడులకు వట్టివేరు ఏప్రిల్ వరకు పచ్చగా ఉంటుంది, రేగడిలో ఎన్ని కావాలి అన్న స్థానిక అంకెలు కావాలి. ఇందుకు భారీ నిధులు అక్కరలేదు. పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలలో వట్టివేరు, అంజన్ గడ్డి, నిమ్మగడ్డి, దర్భ, తివాచీ పచ్చికలను పక్కపక్కన చిన్న మళ్ళలో వేసి మూడేళ్ళ పాటు గమనించవచ్చును. ఇచ్చిన నీరు, వేసవిలో నిలిచిన పచ్చదనం, బతికిన కుదుళ్ళ శాతం, మడి దాటి మొలిచిన మొక్కల సంఖ్య అన్న నాలుగు కొలతలు చాలును. ఏ వయసు ఆకును పశువులు తింటాయో తేల్చడానికి కోరుట్ల పశువైద్య కళాశాల తోడ్పడగలదు. చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలలో నివసిస్తారు. వారు ఉంటున్న గ్రామంలోని ప్రకృతి వనంలో ఏ గడ్డి నాటారో, ఎంత బతికినదో, ఎన్ని ట్యాంకర్లు పోశారో నమోదు చేస్తే ఇప్పటి వరకు ఎవరి వద్దా లేని సమాచారం ఒకటి రెండేళ్ళలో చేతికి వస్తుంది. రైతు వేదికల ముందున్న కొద్దిపాటి స్థలం ప్రదర్శన క్షేత్రంగా పనికివస్తుంది. రైతులు వచ్చిపోయే చోటు కనుక వేరుగా పిలవనక్కరలేదు.

అంత వరకు విస్తరణ శాస్త్రవేత్తలు పంచాయతీ కార్యదర్శులకు చెప్పవలసిన మాటలు కొన్నే. కొత్త అలంకార గడ్డి ఏది వచ్చినా దాని శాస్త్రీయ నామం అడగాలి. విత్తనంతో వ్యాపిస్తుందా అని అడగాలి. తొలి ఏడు ఎంత నీరు, తరువాత ఎంత నీరు అని అడగాలి. ఎండినప్పుడు ఏమవుతుందని, కోసినది దేనికి పనికివస్తుందని అడగాలి. ఈ ప్రశ్నలకు జవాబు లేని గడ్డిని నర్సరీలోనికి తీసుకోకూడదు. తీసుకున్న దానిని తొలి వేసవి దాటే వరకు కాపాడాలి.

పొలాసలో రూపుదిద్దుకున్న జగిత్యాల సన్నాలు వంటి వరి రకాలను రైతులు నమ్మినది వాటి వెనుక ఉన్న పరీక్షను నమ్మి. ఊరి వనంలోని గడ్డికి కూడా అంతటి పరీక్ష జరిగితే, మే నెలలో పెగడపల్లి పంచాయతీ తన ట్యాంకరును ముందుగా ఏ వీధికి పంపాలో తేల్చుకోవడం సులభమవుతుంది.